పేజీలో పట్టని చరణాలు

మా చర్చి సంఘంలో కోతల పండుగ ఆదివారం పాడే పాట ఒకటి ఉంది. అది పాటల పుస్తకంలో లేదు. మా ఊళ్ళో వెనకటి కూలిజనంలో ఎవరో కట్టారని చెబుతారు గాని, ఆ మనిషి ఎవరో ఎవరికీ తెలియదు. ఏడు చరణాలు. దుక్కితో మొదలవుతుంది. ఆ తర్వాత ఊడ్పు, కలుపు, కోత, కోసిన పనల మీద పడ్డ వాన, పరిగె, చివరికి ధాన్యం ఇంటికి చేరడం. పరిగె అంటే కోత అయిపోయాక చేలో రాలిన కంకులు ఏరుకోవడం. ఇప్పుడా పాటలో ఐదు చరణాలే పూర్తిగా మిగిలాయి. ఒకటి సగం ఉంది. ఒకటి పోయింది. పోవడానికి కారణం నేను. ఈ మాట నన్నెవరూ అనలేదు. అందుకే నేను రాస్తున్నాను.

మా ఊరు నరసాపురం నుంచి మొగల్తూరు వెళ్ళే దారిలో ఉంటుంది. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మా నాన్న ఈ సంఘానికే బైబిలు బోధించే ఉపదేశిగా పనిచేశారు. పొద్దున్నే ఒక వాక్యం అప్పచెబితేనే మాకు చద్దన్నం పెట్టేవారు. కాబట్టి వాక్యం నాకు కొత్త కాదు, గుడి కొత్త కాదు. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

మా గుడిలో ఎడమ పక్క ఆడవాళ్ళు, కుడి పక్క మగవాళ్ళు కూర్చుంటారు. ఆడవాళ్ళ వైపు ముందు చాపలు, వెనక కుర్చీలు. చాపల మీద ఎక్కువమంది పొలం పనులు చేసి వయసు మళ్ళినవాళ్ళు, చదువు లేనివాళ్ళు. కుర్చీల్లో మాలాంటి ఉద్యోగాలవాళ్ళం. పాట పాడేటప్పుడు ఒకరు ముందుగా ఒక పాదం పైకి చెప్పాలి. చెప్పిన పాదాన్ని సంఘమంతా అందుకుని పాడుతుంది. మళ్ళీ తర్వాతి పాదం. దీన్ని మేము పాట అందించడం అంటాం. చదువు రానివాళ్ళు కూడా నోరారా దేవుణ్ణి స్తుతించాలని పెద్దలు పెట్టిన పద్ధతి.

నాకు ఊహ తెలిసినప్పటినుంచీ మా గుడిలో పాట అందించింది ఒక్క మనిషే. ఊరంతా ఆవిడను మామ్మ అనేవారు. ఊడ్పులకీ కోతలకీ వెళ్ళి బతికిన మనిషి. అక్షరం ముక్క రాదు. మా నాన్న ఒక పాట నాలుగైదుసార్లు చదివి వినిపిస్తే చాలు, అది ఆవిడ దగ్గర ఉండిపోయేది. గొంతు పెద్దదేమీ కాదు, కాస్త బొంగురు. కాని పాదం చివర చిన్న ఊపు ఇచ్చేది. ఆ ఊపు పట్టుకుని చాపలూ కుర్చీలూ అన్నీ ఒక్కసారి పాటలోకి దిగేవి.

నాలుగేళ్ళ క్రితం వరకూ మా ఆరాధన క్రమం కాగితం అంటే అయ్యగారి చేతిరాత జిరాక్సు. పాస్టరు గారిని మేము అయ్యగారంటాం. ఆయన చేతిరాత ఆయనకే తెలిసేది. ఒక వేసవి సెలవుల్లో నాకు ఇంటర్నెట్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కనబడింది. ఆరాధన క్రమం, పాటలు, వాక్య పఠనాలు అన్నీ ఒకసారి ఎక్కించి పెట్టుకుంటే, ఏ ఆదివారానికి ఆ ఆదివారం కాగితం అదే తయారుచేస్తుంది. ఓపెన్ సోర్స్. అంటే ఉచితంగా ఇవ్వడమే కాదు, దాని లోపలి కోడ్‌ని ఎవరైనా తెరిచి తమకు కావలసినట్టు మార్చుకోవచ్చు. చేసినవాళ్ళు ఇంగ్లీషు సంఘాల కోసం చేసుకున్నారు. తెలుగు పెడితే ఒత్తులు పక్కకు జారిపోయేవి. పాదం మధ్యలో విరిగి తర్వాతి పేజీలో పడేది. కొన్నిచోట్ల అక్షరాల బదులు ఖాళీ గడులు వచ్చేవి.

ఆ సెలవులన్నీ దానితోనే కూర్చున్నాను. ఫాంటు మార్చాను. పాదం విరగకుండా చేశాను. సంఘం చెప్పవలసిన మాటలు బొద్దు అక్షరాల్లో, అయ్యగారు చెప్పేవి మామూలు అక్షరాల్లో వచ్చేలా చేశాను. ఎక్కడైనా చిక్కుపడితే ఆ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళు రాసుకునే ఫోరంలో అడిగేదాన్ని. ఏ దేశాల వాళ్ళో, ఓపిగ్గా జవాబు రాసేవారు. మొదటి కాగితం ప్రింటరులోంచి వచ్చినప్పుడు నేను దాన్ని పట్టుకుని ప్రార్థన చేశాను. ఒక్క కాగితం, మధ్యకు మడిస్తే నాలుగు పేజీలు. అన్నీ సరిగ్గా నాలుగు పేజీల్లో ఇమిడేలా అంచులు తగ్గించాను. ఇంకా ఒక నిబంధన నేనే రాసి పెట్టాను: పాట తనకిచ్చిన చోటులో పట్టకపోతే మొదటి రెండు చరణాలూ చివరిదీ ఉంచి, మధ్యవి తీసెయ్యాలి. పదకొండు వరసల కోడ్. అది పనిచేసిన రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. దేవుడు నా చదువును తన మందిరానికి వాడుకున్నాడనుకున్నాను.

“ఇలాంటిది టౌను చర్చిలో కూడా లేదండి, పంతులమ్మగారూ,” అన్నారు అయ్యగారు. ఆ మాట నాకు చాలా రోజులు సరిపోయింది.

చిక్కు రెండో వారంలోనే వచ్చింది. చేతిలో కాగితం ఉన్నవాళ్ళు మామ్మ అందించేదాకా ఆగడం లేదు. కుర్చీలు ఒక పాదం ముందుంటే చాపలు ఒక పాదం వెనక. అయ్యగారికి మా గుడి ఒక్కటే కాదు, ఆదివారం ఇంకా రెండు ఊళ్ళు తిరగాలి. పాట అందించడం మానేస్తే ఇరవై నిమిషాలు కలిసొస్తుందని పెద్దలు అనుకున్నారు. మామ్మకు ఎవరు చెప్పాలన్నప్పుడు నేనే చెబుతానన్నాను. కాగితం నాది కదా.

ఆరాధన అయ్యాక గుడి మెట్ల మీద చెప్పులు వేసుకుంటుంటే దగ్గరకు వెళ్ళాను.

“మామ్మా, వచ్చే వారం నుంచి మీరు అందించక్కర్లేదు. అందరి చేతుల్లో కాగితం ఉంటుంది.”

“నా చేతిలో ఉంటే నాకేం చెప్పుద్దమ్మా అది?”

“మీకు అన్నీ నోటికొచ్చు కదా.”

“నాకొచ్చు. ఈళ్ళకి?” అని పక్కనున్న ముసలమ్మలను చూపించింది.

“పక్కవాళ్ళు పాడుతుంటే వస్తాయి మామ్మా. మీరు ఇన్నేళ్ళు కష్టపడ్డారు. ఇకనైనా విశ్రాంతి తీసుకోండి.”

విశ్రాంతి అన్న మాట నేను మంచిగా అన్నాననుకున్నాను. ఆవిడ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. “బాగా గట్టిదే వాడావే పంతులమ్మా. ఇసురుకోడానికి బాగుంది,” అంది. ముసలమ్మలు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత ఉక్కపోసిన ప్రతి ఆదివారం చాపల మీద వాళ్ళు నా కాగితాలతో విసురుకుంటూ కూర్చుంటే, నాకు లోపల కాస్త కోపంగా ఉండేది.

ఆ ఏడు కోతల పండుగ దగ్గరపడింది. పాట పుస్తకంలో లేదు కనక మామ్మ చెబితే నేను రాసుకోవాలి. ఒక శనివారం సాయంత్రం ల్యాప్‌టాప్ పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. అరుగు మీద ఆవిడ కోడలు లేసు అల్లుతోంది. మామ్మ కాళ్ళు చాపుకుని గోడకు ఆనుకుంది. పల్లవి చెప్పింది: “చేను నీదే, చెయ్యి నీదే, చేతికొచ్చిన గింజ నీదే.” తర్వాత దుక్కి చరణం, ఊడ్పు చరణం. నేను టైపు చేశాను.

“ఇంకొక్కటి చాలు మామ్మా. చివరిది చెప్పండి.”

“చివరిదేంటి, ఇంకా ఐదున్నాయి.”

“పేజీలో మూడే పడతాయి.”

మామ్మ కోడలి వైపు తిరిగింది. “ఇన్నావేంటే? పంతులమ్మ ఊడ్చి ఊడ్చగానే గాదెలో పోసేసుకుంటాదంట. మధ్యలో కలుపు ఆళ్ళ తాత తీత్తాడేమో!”

కోడలు లేసు సూది పక్కన పెట్టి మరీ నవ్వింది. “కోతల పండక్కి కోతే లేకపోతే ఎలాగండి?” అని తనూ అంది.

“అన్నీ పెడితే ఐదో పేజీ అవుతుంది. కాగితం ఇంకొకటి పట్టుద్ది. మిగతావి మళ్ళీ ఎప్పుడైనా ఎక్కిద్దాం లెండి,” అన్నాను.

“నీ ఇట్టం తల్లీ,” అంది మామ్మ. “కానీ చివర్ది చివర్న వస్తాది. ఉన్నపళంగా రాదు. ఉండు.”

కళ్ళు మూసుకుంది. పెదాలు కదలడం మొదలుపెట్టాయి. కలుపు, కోత, వాన, పరిగె. ఆ నాలుగు చరణాలూ వరసగా లోపల పాడుకుంటూ చివరిదాని దాకా నడిచి వస్తోందన్నమాట. నాకు రెండడుగుల దూరంలో. నేను ఆ సేపంతా ల్యాప్‌టాప్‌లో ఊడ్పు చరణం పాదాలు సరిచేసుకుంటున్నాను. కాస్త గట్టిగా పాడండి మామ్మా అని ఒక్క మాట అనలేదు. ఫోను నా సంచిలోనే ఉంది. తీసి రికార్డు చేయాలని తోచలేదు. “ఆఁ, రాసుకో,” అన్నప్పుడే తలెత్తాను.

పండుగనాడు ఊడ్పు చరణం అవగానే చాపల వైపు నుంచి కలుపు చరణం లేచింది. అలవాటు. అదే క్షణాన కుర్చీలు, కీబోర్డు, మైకు చివరి చరణంలోకి వెళ్ళాయి. రెండు చరణాలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మైకుదే పైచేయి. చాపలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. వచ్చే ఏడాదికి అలవాటుపడతారులే అనుకున్నాను. నిజంగానే అలవాటుపడ్డారు. ఆ తర్వాత రెండేళ్ళూ ఊడ్పు అవగానే వాళ్ళు నోరు మూసుకుని కూర్చున్నారు.

అసలు అన్ని పాటలకూ అంతే. చాపల వైపు పాట తగ్గిపోయింది. నేను గమనించలేదంటే అది అబద్ధం. గమనించాను. వయసు మీద పడింది కదా, గొంతులు తగ్గుతాయి అనుకున్నాను.

పోయిన ఏడు వానలు వెనకబట్టాక ఒక గురువారం స్త్రీల సమాజంలో వాక్యం చెప్పే వంతు నాకు వచ్చింది. బైబిలు ధర్మశాస్త్రంలో దేవుడు రైతుకు పెట్టిన ఆజ్ఞ తీసుకున్నాను. కోసేటప్పుడు చేను మూలల దాకా పూర్తిగా కోసేయకూడదు, రాలిన కంకులు మళ్ళీ ఏరుకోకూడదు, అవి బీదవాళ్ళకూ పరదేశులకూ విడిచిపెట్టాలి. బాగానే సిద్ధపడ్డాను. ఇప్పుడు కోత మిషన్లు వచ్చాయి, చేలోకి దిగి పరిగె ఏరుకునేవాళ్ళు లేరు, కాబట్టి మనం మన జీవితాల్లో మూలలు ఎవరికి విడుస్తున్నాం అని ఆవేశంగా అడిగాను.

చాప మీదనుంచి మామ్మ ఈడు ముసలమ్మ ఒకావిడ అంది: “మన పాటలో ఉందిగా పంతులమ్మగారూ, పరిగె. అది మీరు కొట్టేశారు కదా?”

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. మాట మధ్యలో గుర్తొచ్చి అడిగినట్టే అడిగింది. “మా అమ్మ ఎంట పరిగెకెళ్ళినప్పుడు పాడేవాళ్ళం. గుళ్ళో కూడా వస్తాదని చూత్తన్నాను. మూడేళ్ళయి రాటల్లేదు.”

నేనేదో జవాబు చెప్పి ప్రార్థనతో ముగించాను. ఏం చెప్పానో గుర్తులేదు. అంచులు తగ్గించి కాగితం మూలమూలలా నింపినది నేను. చేనంతా కోసి, పరిగె చరణాన్ని కూడా తీసేసినది నేను. ఆ పూట చెప్పిన ప్రతి వాక్యమూ నా మీదికే వచ్చింది.

మర్నాడు స్కూలు అవగానే మామ్మ ఇంటికి వెళ్ళాను. ఈసారి ఫోను చేతిలోనే పట్టుకున్నాను.

“మామ్మా, ఆ నాలుగు చరణాలూ చెప్పండి. అన్నీ పెడతాను. ఎన్ని పేజీలైనా పరవాలేదు.”

ఆవిడ సంతోషంగానే మొదలుపెట్టింది. పల్లవి వచ్చింది. దుక్కి వచ్చింది. ఊడ్పు వచ్చింది. తర్వాత నోరు తెరిచి ఆగింది. మళ్ళీ మొదటినుంచి వచ్చింది. మళ్ళీ అక్కడే ఆగింది. మూడోసారి చేత్తో తొడ మీద తాళం వేసుకుంటూ వచ్చింది. రాలేదు.

“ఏంటిది,” అంది తనలో తను. తర్వాత నా వైపు చూసి, “ఇలాగ కూకుని చెప్పింది కాదమ్మా ఇది. నేనొకటి అంటే జనం అందుకునేవోళ్ళు. ఆళ్ళు పాడతా ఉంటే నాకు తరవాతది వచ్చేది. ఆళ్ళు పాడకపోతే నాకేడనుంచి వస్తాది?”

అప్పటికి మూడేళ్ళుగా ఆవిడ అందించలేదు. జనం అందుకోలేదు. ఆవిడ జ్ఞాపకం ఆవిడ తలలో ఉందనుకున్నాను నేను, ల్యాప్‌టాప్‌లో ఫైలు ఉన్నట్టు. అది ఆదివారం ఆదివారం గుడిలో రెండు వైపుల మధ్య తిరుగుతూ బతికేది. ఆ తిరగడాన్ని నేను ఆపాను.

మర్నాడు చాపల మీది ముసలమ్మలను ఐదుగురిని పోగుచేసుకుని వెళ్ళాను. అరుగు నిండిపోయింది. కోడలు టీ పెట్టింది. మామ్మ అందించింది, వాళ్ళు అందుకున్నారు. ఊడ్పు దాటగానే ఎవరి నోటినుంచో “కలుపు” అని వచ్చింది. మామ్మ దాన్ని పట్టుకుని కలుపు చరణం మొత్తం లాగేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. కోత కూడా వచ్చింది, రెండు పాదాలు అటూ ఇటూ అయి, వాళ్ళలో వాళ్ళు తగువాడుకుని సరిచేసుకున్నారు.

“అలా కాదే, కొడవలి ముందొస్తాది.”

“నీకు కొడవలెప్పుడూ ముందే. అందుకే ఏలు తెగ్గోసుకున్నావ్.”

వాన చరణం సగం దగ్గర ఆగింది. పరిగె చరణంలో మొదటి పాదం మాత్రం వచ్చింది: “పనలు మోసి పోయినాక పరిగె నాకు విడిచినావు.” ఆ తర్వాత ఐదుగురూ వరస మాత్రం తీస్తున్నారు. మాటలు లేవు. పరిగె పాట గురించి నన్నడిగిన ముసలమ్మ చాలాసేపు ప్రయత్నించింది. “మేం ఎనక అందుకునేవోళ్ళమే గానండి, ముందు మాకెవరు చెప్పారు,” అంది. చీకటి పడకముందే అందరూ లేచారు.

మళ్ళీ నాలుగుసార్లు వెళ్ళాం. ఆ పాదం దాటి ఇంకొక్క మాట రాలేదు. పక్క ఊరి సంఘాల్లో అడిగాను. ఆ పాట మాదే, వాళ్ళకు తెలియదు.

పండుగకు ముందు వారం సాఫ్ట్‌వేర్ తెరిచి ఆ పదకొండు వరసలూ తీసేశాను. పాటకు రెండు పేజీలు ఇచ్చాను. వాన చరణం సగం తర్వాత, పరిగె మొదటి పాదం తర్వాత, పోయిన పాదాలకు సరిపడా ఖాళీ విడవాలనుకున్నాను. ఎప్పటికైనా ఎవరికైనా గుర్తొస్తే పెన్నుతో రాసుకుంటారని. కాని సాఫ్ట్‌వేర్ ఒప్పుకోలేదు. ఖాళీ పాదం కనబడితే అది మూసేసి కింది చరణాన్ని పైకి జరుపుతుంది. ఫోరంలో అడిగితే, ఎప్పుడూ జవాబిచ్చే ఆయనే దారి చూపించి, చివర్లో అడిగాడు: ఇంతకీ ఆ ఖాళీ వరసలు మీకు ఎందుకు? నేను ఇంగ్లీషులో మూడుసార్లు రాసి మూడుసార్లూ కొట్టేశాను. కృతజ్ఞతలు అని మాత్రం పంపాను.

అయ్యగారి దగ్గరకు వెళ్ళి, ఈ పండుగకు పాట అందించే పద్ధతి మళ్ళీ పెట్టమని అడిగాను. ఆలస్యమైతే మిగతా ఊళ్ళకు నేనే ఫోను చేసి చెబుతానన్నాను. ఆయన కాగితంలో ఖాళీలు చూశారు. “ఇవి తప్పు పడ్డాయాండి?” అన్నారు. జరిగింది చెప్పాను. “అలాగే కానివ్వండి,” అన్నారు.

అప్పటికి నడక తగ్గిన మామ్మను కుర్చీలో కూర్చోబెట్టి తీసుకొచ్చారు. ముందు వరసలో చాప పక్కనే వేశారు. అందించమని అడిగితే తల అడ్డంగా ఊపింది. “తప్పిపోతానేమోనమ్మా, నువ్వే అందించు,” అంది. మైకు తీసుకోలేదు నేను. చాపల ముందు నిలబడి, పల్లవి చెప్పాను. మామ్మ ఇచ్చే ఊపు నాకు రాలేదు. అయినా వాళ్ళు అందుకున్నారు. దుక్కి, ఊడ్పు. కలుపు దగ్గరకొచ్చేసరికి చాపల వైపు గొంతు పెరిగింది, వెనక కుర్చీలవాళ్ళు కాగితాలు దించి ముందుకు చూశారు. కోత. వాన సగం. అక్కడ ఆగి, పరిగె పాదం చెప్పాను.

పనలు మోసి పోయినాక పరిగె నాకు విడిచినావు.

సంఘమంతా పాడింది. పాడి, తర్వాతి పాదం కోసం ఊపిరి తీసుకుంది. ఆ ఊపిరి చప్పుడు నాకు వినబడింది. నేను మామ్మ పెదాల వైపు చూశాను. ఆ రోజు అరుగు మీద కదిలినట్టు ఏమైనా కదులుతాయేమోనని. ఈసారి శ్రద్ధగా వినడానికి సిద్ధంగా ఉన్నాను.

అవి కదలలేదు. ఆవిడ కూడా అందరిలాగే తలెత్తి నా వైపే చూస్తోంది, తర్వాతది నేను అందిస్తానని.